ఈల పలకని మ్యాట్నీ

'మాయాబజార్' (1957) చూడనివాళ్ళు మన పాఠకుల్లో ఉంటారని నేననుకోను. అందులో మాయాశశిరేఖగా సావిత్రి ఒక క్షణం సిగ్గులొలికే రాకుమారి, మరుక్షణం ఒళ్ళు విరుచుకునే ఘటోత్కచుడు! చీర మారలేదు, నగలు మారలేదు. కనుబొమ కాస్త లేచింది, పెదవి ఓ పక్కకు వంగింది, చెంప బిగిసింది. అంతే, హాలు హాలంతా ఆమెలో ఎస్వీ రంగారావుని చూసేసింది.

టైటిల్సులో దర్శకుడు కె.వి.రెడ్డి పేరుంది, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే పేరుంది. ఆ ముఖాన్ని లోపలినుంచి ఆడించిన మరో పనివాడి పేరు మాత్రం ఏ చిత్రంలోనూ పడదు. వాడే ముఖనాడి. డాక్టర్ల లెక్కలో 7వ కపాల నాడి. 'సినిమా పత్రికలో ఈ వైద్యం గోల ఏమిటి గురూ!' అని పేజీ తిప్పెయ్యకండి. ఇది ముమ్మాటికీ నటన సంగతే.

ఈ నాడి ఒంటరిది కాదు, జంట. కుడి ముఖానికొకటి, ఎడమ ముఖానికొకటి. మెదడు అడుగుభాగంలో పుట్టి, చెవి దగ్గరుండే గట్టి ఎముకలో ఓ సన్నని గొట్టంలోకి దూరుతుంది. ఆ గొట్టం పొడవు సుమారు 3 సెంటీమీటర్లు, మధ్యలో మోచేయి లాంటి వంపు, ఇరుకైన చోట ఒక మిల్లీమీటరు వెడల్పయినా ఉండదు. ఈ ఇరుకు సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. చెవితమ్మె వెనక బయటపడి, చెంపలో ఉన్న లాలాజల గ్రంథిలోంచి దూసుకుపోతూ విసనకర్రలా 5 శాఖలవుతుంది. నుదుటికొకటి, కంటికొకటి, చెంపా పైపెదవులకొకటి, కింది పెదవికొకటి, మెడకొకటి. తమాషా ఏమిటంటే, ఆ గ్రంథికి మాత్రం ఇది ఏ పనీ చెయ్యదు. రామగుండం స్టేషన్లో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్సులాగా!

అలాగని ముఖంలో పనంతా దీనిదే అనుకునేరు. చెంప ఛెళ్ళుమంటే చురుక్కుమనడం, పకోడీ నమలడం 5వ నాడి పని. కంటిరెప్పని ఎత్తేది 3వ నాడి. దాన్ని మూసేది మన ఏడోది. అంటే కన్నుకొట్టే కుర్రహీరోలందరూ దీనికి రుణపడినవాళ్ళే! కన్నీటి గ్రంథికి ఉత్తరువు పోయేదీ దీని శాఖ ద్వారానే. 'మహానటి' (2018)లో సావిత్రి ఒక్క కంటినుంచే లెక్కగా నీటి చుక్కలు రాల్చే ఘట్టం గుర్తుందా? ఆ పాత్రకే కీర్తి సురేష్‌కి జాతీయ ఉత్తమనటి అవార్డు వచ్చింది.

ఆ కీర్తి సురేషే 2023 మార్చి 30న విడుదలైన 'దసరా'లో నాని పక్కన వెన్నెలగా కనిపించింది. కథంతా సింగరేణి బొగ్గు గనుల పక్క ఊళ్ళో. అలాంటి సినిమాని గోదావరిఖనిలో చూడటం వేరు. తెర మీద వాళ్ళ మసి మేకప్పు, హాల్లో వాళ్ళది షిఫ్టు దిగి సబ్బుతో రుద్దినా రెప్పల అంచున మిగిలిన మసి! నేను వెళ్ళింది మ్యాట్నీకి. నా పక్క సీట్లో నాకు తెలిసిన కుర్రాడొకడు. ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పని, పెళ్ళి కాలేదు, పేరెందుకు లెండి. నోట్లో రెండు వేళ్ళు పెట్టి వాడు ఈల వేస్తే హాల్లో ముందు బెంచీ నుంచి బాల్కనీ దాకా తల తిప్పాల్సిందే.

ఆ రోజు నాని కనబడగానే వేళ్ళు పెట్టాడు. 'ఫుస్'మంది. మళ్ళీ వేశాడు. ఎడమ పక్క పెదవిలోంచి గాలి జారిపోయింది.

"అన్నా, విజిల్ వస్తలేదే!" అన్నాడు వింతగా. స్నేహితులు పడీపడీ నవ్వారు.

ఇంటర్వెల్లో చాయ్ తాగితే మూతి పక్కనుంచి చొక్కా మీదకి కారింది. "రుచి గూడ సక్కగ తెలుస్తలేదే" అన్నాడు. రెండో సగంలో ఎడమ చెవి మూసుకుని, "సౌండు గింతగనం పెట్టిండ్రేంది, గూబ పగులుతున్నది" అని ఆపరేటర్ని తిట్టడం మొదలెట్టాడు. సౌండు ఎప్పటిలాగే ఉంది.

నాడి చేసే పనులు ఒక్కొక్కటే ఆ మ్యాట్నీలో ఎలా బయటపడ్డాయో చూడండి. ఈలకి చెంప, పెదవి బిగియాలి. చాయ్‌కి పెదాలు మూతపడాలి. నాలుక ముందువైపు మూడింట రెండు వంతుల రుచి ఈ నాడి తంతువుల ద్వారానే మెదడుకి చేరుతుంది. ఇక చెవిలో, మన ఒంట్లోకెల్లా చిన్న కండరం ఒకటుంది. పెద్ద మోత వస్తే లోపలి బుల్లి ఎముకని వెనక్కి లాగి మోత తగ్గిస్తుంది. దాన్ని ఆడించేదీ ఈ నాడే. అది పడుకుంటే మామూలు డైలాగు కూడా బాంబే!

ఇంటికెళ్ళేసరికి మూతి కుడివైపుకి లాగేసింది. వాళ్ళ అవ్వ గాలి సోకిందంది. పక్కింటాయన పక్షవాతమన్నాడు. ఇంకెవరో పసరు పోసే ఊరి పేరు చెప్పారు. మార్చి ఆఖరున, ఖనిలో బండ పగిలే ఎండల్లో, చల్లగాలి ఎక్కణ్ణించి సోకుతుందండీ? డంపరు నడిపే వాళ్ళ బావ మాత్రం, "పసరు లేదు గిసరు లేదు, నడువుర దవాఖానకు" అని బండెక్కించాడు. ఆ ఇంట్లో హీరో ఆయనే.

డాక్టరు మొదట అడిగింది నుదురు ముడెయ్యమని. కుడి సగం ముడతలు పడింది, ఎడమ సగం ఇస్త్రీ చేసినట్టు ఉండిపోయింది. కీలకమంతా అక్కడే. నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలొస్తాయి. కాబట్టి మెదడులో దెబ్బ తగిలే పక్షవాతంలో సాధారణంగా మూతి వంకరపోయినా నుదురు కదులుతుంది. నాడే వాచిపోతే నుదురూ కదలదు. దీన్ని బెల్స్ పాల్సీ అంటారు. ముఖాన్ని కదిలించేది ఈ నాడేనని 1821లో వివరించిన ఛార్లెస్ బెల్ పేరు మీద. తరచుగా ఓ వైరస్ కారణమని వైద్యుల అనుమానం. నాడి వాస్తుంది, ఎముక గొట్టం మాత్రం సాగదు. ఇందాకటి ఇరుకు ఇదే.

ఇలా నుదురు చూసి ఇంట్లోనే తీర్పులు చెప్పుకోకూడదు. చెయ్యి పడిపోయినా, మాట తడబడినా 108కి ఫోను చెయ్యడమే. మూతి ఒక్కటే పోయినా ఆలస్యం పనికిరాదు. 2007లో స్కాట్లాండులో 500 మందికి పైగా రోగుల మీద జరిపిన పరీక్షలో, 72 గంటల్లోపు స్టెరాయిడ్ మాత్రలు మొదలెట్టినవారిలో 9 నెలలకి నూటికి 94 మందికి ముఖం మామూలైంది. అవి వాడనివారిలో 82 మందికి. ఆ తేడాలోనే మీరో నేనో ఉండొచ్చు. షుగరున్నవాళ్ళకి ఆ మాత్రలు డాక్టరు కనిపెట్టి ఉండి ఇవ్వాలి.

వాడికి మూతి కంటే నన్ను భయపెట్టింది కన్ను. రెప్ప మూతపడదు, నీరు సరిగ్గా ఊరదు, చుట్టూ ఓపెన్‌కాస్టు దుమ్ము! తెరిచి ఉన్న కంట్లో బొగ్గు రవ్వ గీసుకుంటే నల్లగుడ్డు మీది పొర పుండవుతుంది, చూపే పోవచ్చు. మూతి ఎలాగో తిరిగొస్తుంది గానీ చూపు రాదు కదా. పగలు చుక్కలు, రాత్రి మందు రాసి రెప్పకి టేపు, బయటికెళ్తే కళ్ళద్దాలు. రెప్ప మూతపడేదాకా పనికి పోనివ్వలేదు వాళ్ళ బావ. రోజుకూలి పోతుందని వాడు మొత్తుకున్నా సరే.

అద్దం చూసుకోవడం మానేశాడని తెలిసి, సిల్వెస్టర్ స్టాలోన్ సంగతి చెప్పాను. కాన్పులో పట్టకారు వాడినప్పుడు ఈ నాడి దెబ్బతిని ఎడమవైపు కింది పెదవి పడిపోయిందాయనకి. మాటా కాస్త ముద్దే. అదే మూతితో 'రాకీ' (1976) రాసి, తనే హీరోగా వేశాడు. "గాయన హీరోనే అన్నా, నేను కాంట్రాక్టోణ్ణి" అన్నాడు వాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

మూడు వారాలకి రెప్ప దిగింది. మూడో నెలలో ఈల వచ్చింది, కొంచెం గాలి కలిసి. నాడి తంతువులు మళ్ళీ మొలిచేటప్పుడు ఒక్కోసారి దారి తప్పి వేరే కండరానికి పోతాయట. కొందరికి అన్నం తింటుంటే కన్నీళ్ళు కారతాయి. గ్లిసరిన్ అక్కర్లేని నటులు! మనవాడికి అంత కాలేదు. ఆరు నెలలు తిరిగేసరికి, నవ్వితే ఎడమ కన్ను దానంతటదే చిన్నగా మూసుకోవడం మొదలెట్టింది. ఖని చౌరస్తాలో స్నేహితులతో నవ్వుతుంటే, తనకే కన్నుకొట్టాడనుకుని ఒకమ్మాయి చెప్పు తీసిందట. నుదురు, నాడి, గొట్టం అంటూ నడిరోడ్డు మీద వాడామెకి పాఠం చెబుతుంటే, బావగారొచ్చి విడిపించాడు.