కంబళి కప్పుకున్నవాడు పరాయివాడా?

ఉర్దూ యాత్రారచన మాటెత్తితే మనవాళ్లు వెంటనే తేల్చేస్తారు: "సఫర్‌నామా అంటే ఢిల్లీ, లక్నో, లాహోరు సంగతి. తెలుగువాళ్లకెందుకు?" ఈ మాట చిలమత్తూరు వచ్చి అనండి. కొడికొండ చెక్‌పోస్టు దాటితే కర్ణాటక. ఇక్కడి టీ బంకు బల్ల మీద తెలుగూ కన్నడమూ సాయిబుల మాటా పక్కపక్కనే కూర్చుంటాయి. ఉర్దూ ఉత్తరాది సరుకంటే నవ్వుతారు.

పుస్తకాల లెక్కలోనూ ఆ వాదం నిలవదు. ఉర్దూలో తొలి యాత్రాగ్రంథంగా చెప్పుకునేది 1847లో ఢిల్లీలో అచ్చయింది. రాసినవాడు యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్. లక్నో నవాబు కొలువు చేసి, 1837లో ఇంగ్లండు వెళ్లాడు గనుక లక్నోవాడనుకుంటాం. పుట్టింది మాత్రం హైదరాబాదులో. 1828లో అక్కణ్నుంచి బయల్దేరి లక్నో చేరేలోగా అతను తిరిగిన ఊళ్లలో మచిలీపట్నం, మద్రాసు ఉన్నాయి.

మరో రెండేళ్లకు, 1830లో, ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి కదిలాడు. దారిలో హైదరాబాదు చూశాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. ఇద్దరూ ఒకే కాలపు బాటసారులు. మన సాహిత్య చరిత్రలో ఒకరికి పీట వేశాం, రెండోవారి పేరైనా తలవం.

"లిపి రాదు కదా" అంటారు. నిజమే. బెంగాలీ లిపి వచ్చే శరత్‌బాబును చదివామా? రష్యన్ వచ్చే టాల్‌స్టాయ్‌ని చదివామా? కావాలనుకున్నాం, అనువదించుకున్నాం. పక్కింటి భాష దగ్గరే లిపి అడ్డొచ్చింది.

"అవన్నీ మతయాత్రలే" అన్నది ఇంకో మాట. కంబల్‌పోష్ వెళ్లింది లోకం చూడ్డానికి. హైదరాబాదు రచయిత్రి సుగ్రా హుమాయూన్ మీర్జా యూరప్ ప్రయాణాన్నీ రాశారు. హైదరాబాదులో స్థిరపడిన ముజ్తబా హుసేన్ జపాన్ వెళ్లొచ్చి రాసిన పుస్తకం హాస్యానికి పేరుపడింది. ఇందులో మతమెక్కడ?

2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూను రెండో అధికార భాష చేసింది. చట్టంలో చోటిచ్చాం. పుస్తకాల బీరువాలో ఇవ్వలేదు.

కంబల్‌పోష్ అంటే కంబళి కప్పుకున్నవాడు. కరువు ముదిరితే గడ్డి కోసం గొర్రెల్ని తోలుకుని ఊళ్లు దాటిపోయే కురుబ గొల్లలున్న సీమ ఇది. ఆ పేరుకు అర్థం చిలమత్తూరులో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు.