తిరుమల మెట్లెక్కినవారికి గ్రాండ్ కాన్యన్ ఒక లెక్కా?

"శుక్రవారం రాత్రి అనుకున్నాం, శనివారం తెల్లవారేసరికి కారులో ఉన్నాం." అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఈ మాటను ఘనకార్యంలా చెప్పుకొంటున్నారు. వారు ఒంటరిగా వెళ్లినంతవరకు అది వారి ఇష్టం. వేసవిలో తమ వద్దకు వచ్చిన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని, ఎనిమిది గంటలు కారు నడిపి, నిద్రలేని కళ్లతో అరిజోనాలోని ఆ మహాలోయలోకి దిగుతామంటేనే నా అభ్యంతరం.

"నాన్నగారు కిందటేడు కూడా అలిపిరి నుంచి కాలినడకన వెళ్లారండీ, ఇదొక లెక్కా?" అంటారు. ఈ వాదనే అన్నిటికంటె ప్రమాదకరమైనది. అలిపిరి దారిలో 3,550 మెట్లు. ముందు ఎక్కుతాము, శక్తి చాలకపోతే కూర్చుంటాము, మరీ కాకపోతే వెనక్కు దిగివస్తాము. అడుగడుగునా నీరు, నీడ, సాటి భక్తులు. గ్రాండ్ కాన్యన్‌లో ఈ క్రమం తలకిందులు. లోయ దక్షిణపు అంచు సముద్రమట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంది. బ్రైట్ ఏంజెల్ కాలిబాట అక్కడినుండి సుమారు 4,400 అడుగులు దిగి కొలరాడో నదిని చేరుతుంది. ఉదయపు చల్లదనంలో, తాజా కాళ్లతో దిగుతుంటే అలసట తెలియదు. అలసట తెలిసే వేళకు మిట్టమధ్యాహ్నం, ఎదుట నిలువెత్తు కొండ. దిగడానికి పట్టిన కాలానికి రెట్టింపు కాలం ఎక్కడానికి పడుతుంది.

పైగా దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. అంచు మీదికంటె లోయ అడుగున పది పదకొండు సెంటీగ్రేడు డిగ్రీలు ఎక్కువ. నడివేసవిలో నీడలోనే 43 డిగ్రీలు దాటడం మామూలు. కోస్తాలో పుట్టిపెరిగినవారు "చెమట పట్టలేదు, పరవాలేదు" అనుకొంటారు. అది పొడిగాలి. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లోని నీరు పోతున్నట్టు తెలియనైనా తెలియదు.

ఇక మందుల సంగతి. మన దేశంలో అరవై దాటిన రక్తపోటు రోగులలో చాలామంది మింగే జంట మాత్రలలో హైడ్రోక్లోరోథయజైడ్ గాని, క్లోర్‌థాలిడోన్ గాని ఉంటుంది. ఇవి మూత్రం ద్వారా నీటినీ సోడియాన్నీ బయటకు పంపుతాయి. అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటివి గుండె వేగాన్ని అదుపు చేస్తాయి; ఎక్కుడులో శరీరం కోరినంత వేగాన్ని గుండె అందుకోలేదు. ఇన్సులిన్, కొన్ని చక్కెర మాత్రలు వాడేవారికి, భోజనవేళ తప్పి నడిస్తే, చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఈ మాత్రల పేర్లు శుక్రవారం రాత్రి ఎవరైనా చూశారా? వైద్యుని అడగకుండా మందు మానడం కూడా తప్పే సుమా. అడగడానికి వ్యవధి కావాలి. ఆ వ్యవధినే ఈ హఠాత్ప్రయాణం మింగేస్తున్నది.

"నీళ్లు బాగా తాగిస్తాం" అనేది మరొక అర్ధసత్యం. ఉప్పు లేకుండా గంటల తరబడి వట్టి నీరే తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, మతిస్థిమితం తప్పడం, చివరకు ఫిట్స్. చూసినవారు వడదెబ్బ అనుకొని ఇంకా నీరు పోస్తారు! పైన చెప్పిన థయజైడ్ మాత్రలు వాడే వృద్ధులలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. నీటితోపాటు ఉప్పు గల చిరుతిండి ఉండాలి. దాహానికి మించి బలవంతంగా తాగించరాదు. సౌత్ కైబాబ్ దారిలోనైతే తాగునీరే దొరకదు.

"అందరూ వెళ్లివస్తున్నారు కదా" అంటారా? నదిదాకా దిగి అదే రోజు తిరిగి ఎక్కే ప్రయత్నం చేయవద్దని పార్కువారే బోర్డులు పెట్టారు. వేసవిలో ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు లోయలో నడవవద్దనీ చెబుతున్నారు. లోయలో చాలాచోట్ల సెల్‌ఫోన్ సిగ్నల్ ఉండదు. సందర్శకుల బీమాలు చాలావరకు పాత జబ్బుల విషయంలో పరిమితులు పెడతాయి. ఆ పత్రమైనా చదివి బయలుదేరినవారెందరు?

తల్లిదండ్రులకు ఆ లోయను చూపించవద్దని నేననడం లేదు. అంచు వెంబడే రిమ్ ట్రయల్ అనే బాట ఉంది. చాలాభాగం చదునుగా ఉంటుంది. షటిల్ బస్సులున్నాయి. మేథర్ పాయింట్ వద్ద తెల్లవారుజామున నిలబడితే లోయంతా కంటికి ఆనుతుంది. రాత్రి దగ్గరలోనే బస చేసి, వేళకు టిఫిను పెట్టి, మాత్రల డబ్బా చేతిసంచిలో వేసుకొని అక్కడికి తీసుకువెళ్లండి. దిగాలని సరదా పడే కుర్రవాళ్లు అక్టోబరులో, ముందుగా సిద్ధపడి, వేరే వెళ్లవచ్చును.