కొండ పాడుతోంది, కెమెరా ఎత్తండి!



2024 జూన్‌లో సకిని రామచంద్రయ్య కన్నుమూశారు. అక్టోబరులో కనకరాజు. ఐదు నెలలైనా నిండకముందే ఇద్దరు! కోయ డోలు మోగిస్తూ సమ్మక్క సారలమ్మల కథను గానం చేసిన గొంతు ఒకరిది. గోండు పిల్లలకు గుస్సాడీ నృత్యపు అడుగులు నేర్పిన పాదాలు ఇంకొకరివి. వారిలాగే 12 మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న వీరగాథను పలికించిన వేళ్ళు దర్శనం మొగిలయ్యవి. ముగ్గురికీ పద్మశ్రీ ఇచ్చి దేశం దండం పెట్టింది. మరి మనమేం చేశాం?

‘భీమ్లా నాయక్’ పాటలో మొగిలయ్య గారి గొంతు విని ఈలలు వేశాం. అక్కడే ఆగిపోయాం! నల్లమల అంచున ఉన్న ఆయన ఊరికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, కథ మొత్తం పాడించుకున్నవాళ్ళం ఎందరం? ఎండిన బుర్రలను వెదురు దండకు ఎలా కడతారో, దాని మీద మెట్లను మైనంతో ఎలా నిలబెడతారో దగ్గర నుంచి చిత్రించినవాళ్ళం ఎందరం? రామచంద్రయ్య గారు కథలను కాగితం మీద పెట్టలేదు, గుండెలో పెట్టుకున్నారు. అలాంటి గుండె ఆగిపోతే మనం ఏ గ్రంథాలయం తలుపు తట్టాలి?

మనకేం తక్కువ? మన జేబులో ఉన్న ఫోను ఒకప్పుడు స్టూడియోలు కలగన్నంత స్పష్టంగా బొమ్మ తీస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. బలం ఉంది, వయసు ఉంది, బైకు ఉంది. ఆ బలమంతా ఎక్కడ పోస్తున్నాం? తెల్లవారకముందే వంజంగి కొండెక్కి, మేఘాల ముందు నిలబడి, ముప్పై సెకన్ల రీలు తీసుకుని, ప్లాస్టిక్ సీసా అక్కడే పారేసి దిగిపోతున్నాం! అదే పాడేరు కొండల్లో మోరి ఊదే పెద్దాయన ఉన్నాడు. తుడుము మోగితే ఒకరి నడుము వెనుక ఒకరు చేతులు పెనవేసుకుని దింసా ఆడే అక్కలున్నారు. మబ్బులు రేపు కూడా వస్తాయి. ఆ పెద్దాయన ఎల్లకాలం ఉంటాడా?

1940ల్లో, దారీ డొంకా సరిగా లేని రోజుల్లో, ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీతో కలిసి ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయికి వచ్చి, గోండుల మధ్య కాపురమున్నాడు. వాళ్ళ బతుకును రాశాడు, ఫోటోలు తీశాడు. ఆయన చిత్ర సంపద ఇవాళ లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. కనకరాజు గారి ఊరు కూడా అదే మార్లవాయి! ఎక్కడో పుట్టినవాళ్ళు అంత దూరం నుంచి రాగలిగారు. మనకు హైదరాబాద్ నుంచి ఒక్క పూట ప్రయాణం. ఇంకా ఏం సాకు చెబుతాం?

డబ్బు లేదంటారా? అస్సాంలో రీమా దాస్ తన సొంత ఊళ్ళో, ఆ ఊరి పిల్లలతోనే, కెమెరా తానే పట్టి, ఎడిటింగ్ తానే చేసి ‘విలేజ్ రాక్‌స్టార్స్’ తీసింది. 2018లో దానికే ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం! నాగాలాండ్ కొండల్లోని ఫేక్‌లో మెట్ల పొలాల్లో పని చేస్తూ జట్టు జట్టుగా గొంతులు కలిపే రైతుల మీద అనుష్క మీనాక్షి, ఈశ్వర్ శ్రీకుమార్ ఏకంగా ఒక పూర్తి నిడివి డాక్యుమెంటరీ తీశారు. అందులో తారలు లేరు, సెట్టింగులు లేవు. మట్టి, చెమట, పాట ఉన్నాయి. అంతే! మన తూర్పు కనుమలకు ఆ పాటి పాట లేదా? మనకు ఆ పాటి ఓపిక లేదా?

ఓపికే కావాలి! కెమెరా బయటికి తీసేముందు నాలుగు రోజులు ఊళ్ళో ఉండండి. నాట్లు వేయండి, కట్టెలు మోయండి. బొమ్మ కన్నా ముందు శబ్దాన్ని పట్టుకోండి. కొండగాలి మైకును కొడితే కిక్రి తీగల పలుకు అందులో కొట్టుకుపోతుంది. అందుకే మైకుకు ముసుగు తొడగండి, వాద్యానికి దగ్గరగా పెట్టండి. పర్ధాన్ గాయకుడు గోండుల వంశగాథ మొదలుపెడితే మధ్యలో ఆపకండి. మీ బ్యాటరీ అయిపోవాలి గానీ ఆయన కథ తెగకూడదు! అనుమతి అడిగి తీయండి. ప్రతి కళాకారుడి పేరూ తెర మీద వేయండి. వచ్చిన దాంట్లో వాటా ఇవ్వండి. మొదటి ప్రదర్శన ఆ ఊరి రచ్చబండ దగ్గరే జరగాలి. ఇంత తీసుకుని ఆ మాత్రం తిరిగి ఇవ్వకపోతే అది దోపిడీ కాక మరేమిటి?

ఇక కొండల్లో పుట్టిన తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! అసలు పిలుపు మీకే! మీ పాటకు అర్థం ఎవరో వచ్చి మీకు చెప్పాలా? గోండి, కోయ, కువి, సవర భాషలు మీ నాలుక మీదున్నాయి. తాత ఏ పదం దగ్గర ఎందుకు గొంతు తగ్గిస్తాడో మీకే తెలుసు. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. మీ సినిమాకు సబ్‌టైటిల్స్ మీ అక్షరాల్లోనే వేసుకోవచ్చు! సిగ్గుపడకండి, ఎదురుచూడకండి, కెమెరా మీరే పట్టండి!

ఒక్కసారి ఊహించండి! కళాశాలకు ఒక్క జట్టు బయలుదేరితే చాలు. ఒక్కో జట్టు ఒక్కో పెద్దాయన పాదాల దగ్గర కూర్చుంటే చాలు. ఉట్నూరు నుంచి అరకు దాకా, నల్లమల నుంచి సీతంపేట దాకా ప్రతి వాద్యానికీ ఒక సినిమా! ప్రతి పాటకూ ఒక సాక్ష్యం! నిర్మాత కోసం ఆగొద్దు, అవార్డు కోసం ఆగొద్దు, ఇంకో పద్మశ్రీ చనిపోయాడన్న వార్త కోసం అసలే ఆగొద్దు! దీపావళికి ఆదిలాబాద్ గూడేల్లో దండారి నృత్య బృందం కదులుతుంది. నెమలి ఈకల కిరీటాలు పెట్టుకుని గుస్సాడీలు ఊరూరా తిరుగుతారు. ఆ రోజున మనం అక్కడ ఉండాలి! ఇద్దరిని పోగొట్టుకున్న తరం మనది. మూడో గొంతును మాత్రం వదులుకోని తరం కూడా మనదే కావాలి! లేవండి, కొండెక్కండి!