ఆఫ్రికా వనయాత్రకు అదనెప్పుడు?



ఆఫ్రికాఖండమున స్వేచ్ఛగా సంచరించు మృగములను కన్నులార చూచి రావలెనని ముచ్చటపడు కుటుంబములు మనలో నానాటికి హెచ్చుచున్నవి. ఈ యాత్రనే సఫారీ యందురు. స్వాహిలీ భాషలో ప్రయాణమని దీని కర్థము. అరబ్బీనుండి పుట్టిన మాట. హైదరాబాదు ప్రాంతమువారెఱిగిన ‘సఫర్’ దీనికి తోబుట్టువే. సామాన్యసంసారులకు ఇట్టి యాత్ర జన్మమున నొకమాఱు సమకూడుటయే గొప్ప. ఏండ్లతరబడి కూడబెట్టిన సొమ్ము వానపాలు కాకుండవలెనన్న, టిక్కెట్లు కొనుటకు ముందే ఋతువును విచారింపవలయును.

“మంచికాలమేది?” అను ప్రశ్నకు ఒక్క సమాధానము లేదు. ఆఫ్రికా ఒక దేశము కాదు. యాబదికి మించిన దేశములుగల ఖండము. కాళిదాసు ఋతుసంహారమున వర్ణించిన ఆఱు ఋతువుల లెక్క అచట పొసగదు. భూమధ్యరేఖకు చేరువనున్న కెన్యాలోను, ఉత్తర టాంజానియాలోను ఏటికి రెండు వానకాలములు. మార్చి మొదలు మే వఱకు పెద్దవానలు. నవంబరు, డిసెంబరులలో చిన్నవానలు. దక్షిణాఫ్రికా ఈశాన్యభాగమున వానకాలమొక్కటే. అక్టోబరు మొదలు మార్చి వఱకు. మనకు ఎండలు మండు మే నెలలో వారికి చలి ప్రవేశించును.

వానలులేని కాలమును యాత్రికులు మెచ్చుటకు కారణము కలదు. అప్పుడు గడ్డి యెండును, పొదలు ఆకురాల్చును, మడుగులింకును. మిగిలిన నీటికడకు ఏనుగులును, జింకలును, వానివెంట సింహములును వచ్చితీరవలెను. వానలలోనన్ననో, నీరు అంతట దొరకును గనుక మృగములు చెదరిపోవును, బాటలు బురదయగును, దోమలును మలేరియాభయమును హెచ్చును.

టాంజానియాలోని సెరెంగెటీ మైదానముల కథ మాత్రము వేఱు. ఎద్దుకొమ్ములును గుఱ్ఱపుతోకయు గల వైల్డుబీస్టులను జింకజాతి మృగములు సుమారు 13 లక్షలు, చారలగుఱ్ఱములను వెంటబెట్టుకొని, వానల ననుసరించి ఏడాదిపొడుగున ఆ ప్రాంతము చుట్టివచ్చుచుండును. జూలై మొదలు అక్టోబరు వఱకు అవి ఉత్తరమున, కెన్యాలోని మాసాయ్ మారా ప్రాంతమున మేయును. మొసళ్లుగల మారానదిని అవి దాటుట చూచుటకే జనము విరుగబడుదురు. కాని దాటుదినమును ఏ జ్యోతిష్కుడును చెప్పజాలడు. పగలెల్ల గట్టున కాచి మరలువారు కలరు. మోటారుబండ్లు క్రిక్కిఱిసి మందల దారి కడ్డుపడుటయు కద్దు. మన బండిని వెనుకకు తీయుమని తోలువానితో చెప్పుట మన ధర్మము.

మాకు మాత్రము ఫిబ్రవరియే మిన్నయని తోచును. అప్పుడా మందలు దక్షిణమున న్డూటూ ప్రాంతపు పొట్టిపచ్చికపై నుండును. అగ్నిపర్వతముల బూడిదతో నేర్పడిన ఆ నేలయందలి గడ్డిలో సున్నపుసారమును భాస్వరమును సమృద్ధి. బాలింతకు పథ్యమెఱిగి పెట్టు పెద్దముత్తైదువవలె ఆ భూమి పాలిచ్చు తల్లులను పోషించును. రెండు మూడు వారములలోనే అత్యధికభాగము ఈనును. పుట్టినదూడ కొన్ని నిమిషములలోనే లేచి నిలుచును. సింహములును దుమ్ములగొండులును పొంచియే యుండును. అయినను అన్నియు ఒక్కమాఱుగా ఈనుటచే, అవి తిన్నంత తినినను పెక్కుదూడలు బ్రదుకును. ఏటిలో మొసలినోట పడుదానిని చూడబోవుటకంటె, ఇంత పెద్ద పురిటింటిని చూచివచ్చుట తల్లులకును పిల్లలకును ఎక్కువ తృప్తి.

అయితే బడిపంతులుగారి సంసారమైన మా యింట సెలవులే పంచాంగము. మీలో పెక్కురకును అంతియే కదా. దసరాసెలవులు మారాకు తగును. సంక్రాంతినాటికి మందలు దక్షిణమునకు చేరియుండుటయే సాధారణము. కాని ఈనిక ముమ్మరమగునది తరువాతనే. ఇక వేసవిసెలవులు. ఏప్రిల్, మే నెలలలో కెన్యాయందు బస చౌకయని ఆశపడవలదు. అవి పెద్దవానల దినములు. మే చివరివారమున దక్షిణాఫ్రికాలోని క్రూగర్ వనమునకు పోవుట మేలు. 1926లో జాతీయవనముగ నేర్పడిన దాని విస్తీర్ణము సుమారు 20,000 చదరపు కిలోమీటర్లు. అప్పటికి వానలు వెనుకబడి దోమలు తగ్గును. వనమునందలి విడుదులలో వంటగదిగల కుటీరములును కలవు గనుక శాకాహారులు పప్పన్నము వండుకొనవచ్చును. వేకువను చలి గట్టిది. పిల్లలకు ఉన్నిబట్టలు మఱువరాదు.

కెన్యా పోవువారు పచ్చజ్వరపు టీకాను ప్రయాణమునకు పది దినములైన ముందు వేయించుకొని పత్రము దగ్గఱ నుంచుకొనవలయును. అది లేనిచో తిరిగివచ్చునపుడు మనదేశముననే కొన్నిదినములు వేఱుగ నుంచుదురు. గర్భిణులు, పసిబిడ్డల తల్లులు ముందు వైద్యుని సలహా పొందవలెను.

కావున ఊరిపేరు నిర్ణయించుటకు ముందు ఇంటిల్లిపాదియు కూర్చుండి రెండుమాటలు తేల్చుకొనుడు: ఏమి చూడగోరుదుము? ఎప్పుడు వీలగును? ఆ రెండును తేలినచో, పోవలసిన చోటు తనంతనే తేలును.