పరకల పులుసు, పరీక్ష లేని చెరువు



సెలవులకు ఇంటికి పోతే మా అమ్మలు ప్రేమగా వండిపెట్టేది చెరువు చేపల పులుసే. కొర్రమట్ట కొనే స్తోమత లేని ఇళ్లకు పరకలే దిక్కు. చాలా ఇళ్లలో వాటిని ఉప్పేసి రుద్ది కడిగి, తల, పేగులతో సహా కూరలో వేస్తారు. పీజీలో ఆర్సెనిక్ పాఠం విన్న రోజు మాకు గుర్తొచ్చింది ఆ కూరగిన్నే.

పెద్దలు పాషాణం అనే విషంలో ఉండే మూలకమే ఆర్సెనిక్. నీళ్లలో కలిస్తే రంగు, రుచి, వాసన ఏదీ తెలియదు. లీటరు తాగునీటిలో 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

చేప ఒంట్లోకి ఇది రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి మొప్పలు. రెండోది నాచు, పురుగులు, అడుగు బురదతో కూడిన తిండి. నీళ్లలోని ఆర్సెనేట్ చూడటానికి ఫాస్ఫేట్ లాగే ఉంటుంది. అందుకే ఫాస్ఫేట్ వెళ్లే దారిలోనే కణంలోకి దూరిపోతుంది. ఆపైన కాలేయం, మూత్రపిండాలు, పేగుల్లో ఎక్కువగా పేరుకుంటుంది, కండలో తక్కువ. చేప కొంత భాగాన్ని తక్కువ విషమున్న రూపంలోకి మార్చుకుంటుంది కూడా.

పాదరసమైతే చిన్న చేప నుంచి పెద్ద చేపకు పోయేకొద్దీ పెరుగుతుంది. ఆర్సెనిక్ సాధారణంగా అలా పెరగదు. నాచులో ఎక్కువ, చేపలో తక్కువ ఉంటుంది. కాబట్టి పెద్ద చేప కండను మాత్రమే పరీక్షించి "భయం లేదు" అంటే సరిపోదని మా అభిప్రాయం. ఆ మాట ముక్కలు కొనేవాళ్లకు వర్తిస్తుందేమో గాని, పరకలను పేగులతో తినే మనవాళ్లకు వర్తించదు. పైగా ఆర్సెనిక్ మూలకం. ఎంత ఉడికించినా నశించదు.

ఇదేదో దూరదేశపు సంగతి కాదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ పరిసరాల నేలలో, నీళ్లలో ఆర్సెనిక్‌ను శాస్త్రవేత్తలు గుర్తించారు. అక్కడి నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి.

అలాగని చేపలు తినడం మానమని మేము చెప్పడం లేదు. పేదవాడికి చవకగా దొరికే మాంసకృత్తులు అవే. పుకారు పుడితే ముందు నష్టపోయేది వల వేసి బతికే కుటుంబాలే. మేము అడిగేది ఒక్కటే: ఫ్యాక్టరీల పక్కనున్న ప్రతి చెరువులో నీటిని, బురదను, పరకలను మొత్తంగా పరీక్షించాలి. మొత్తం ఆర్సెనిక్ ఎంతో చెప్పి ఊరుకోకుండా, అందులో విషపూరితమైన అకర్బన రూపం ఎంతో విడిగా చెప్పాలి. ఫలితాలను గ్రామపంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. మేము చదివిన పాఠం మా అమ్మ వండే కూరగిన్నె దాకా చేరకపోతే ఆ చదువుకు అర్థమేముంది? తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి ఊరికి పోయినప్పుడు "మన చెరువు నీళ్లు ఎప్పుడు పరీక్షించారు?" అని పంచాయతీలో అడగండి. అడగడం నేర్పింది ఈ హాస్టలే కదా!