హాస్టల్ పిల్లలకు ఒక రోజు చెట్టు నీడ



మన పల్లెల నుండి చదువుకని, ఉద్యోగ పరీక్షలకని వెళ్లిన పిల్లలు చాలామంది దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి హాస్టళ్లలో ఉంటున్నారు. గదికి ముగ్గురు నలుగురు. పొద్దున కోచింగ్, రాత్రి పొద్దుపోయేదాకా పుస్తకాలు. నెలకో, రెండు నెలలకో మనం బస్సెక్కి వెళ్లి చూసి వస్తాం. ఆ ఒక్కరోజు ఎలా గడుస్తున్నదో ఆలోచించండి. ఫీజు కట్టడం, మార్కులు అడగడం, నోటిఫికేషన్ ఎప్పుడని అడగడం, ప్రార్థన చేసి తిరుగు బస్సు పట్టుకోవడం. పిల్లవాడికి అది ఇంకొక పరీక్షే. ఆ రోజు వాడికి విశ్రాంతి దినం కావాలని మేము కోరుతున్నాం.

దూరం పోనక్కర లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటగానే చివరి స్టేషన్ ఎల్.బి.నగర్. 2018 సెప్టెంబరు నుండి ఈ రైలు నడుస్తున్నది. అక్కడి నుండి విజయవాడ రోడ్డు మీద కొద్ది దూరంలో, వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉంది. నల్గొండ, సూర్యాపేట నుండి మనం వచ్చే బస్సులదీ అదే దారి. మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరం జ్ఞాపకార్థం 1975లో దీనిని ఏర్పాటు చేశారు. సుమారు 3,600 ఎకరాల తుప్పల అడవి. ఒకప్పుడు నిజాముల వేట స్థలం. ఇప్పుడక్కడ కృష్ణజింకలు భయం లేకుండా మేస్తున్నాయి. మెలితిరిగిన కొమ్ములు, నల్లని వీపు, తెల్లని పొట్ట ఉన్నవి మగవి. లేత గోధుమరంగువి ఆడవి. నెమళ్లూ కనబడతాయి. సోమవారం సెలవు, గుర్తుంచుకోండి.

తిండి ఇంటి నుండే తీసుకుపోండి. సర్వపిండి మంచిది. కొన్ని ఊళ్లలో గిన్నప్ప అంటారు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు కలిపి గిన్నెకు ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి నూనె వేసి సన్నమంట మీద కాల్చినది సాయంత్రం దాకా చెడదు. జొన్నరొట్టె, మామిడికాయ తొక్కు, పెరుగన్నం ఉంటే ఇక హోటల్ మాటే ఉండదు. స్టీలు డబ్బాల్లో కట్టుకోండి. ఎక్కడ కూర్చుని తినవచ్చో గేటు దగ్గర అడగండి. జింకలకు మాత్రం ఏమీ పెట్టకండి.

జపాను దేశంలో అడవిలో ఊరకే నెమ్మదిగా నడవడానికి షిన్రిన్ యోకు అని పేరుంది. 1982లో అక్కడి అటవీశాఖ ఆ పేరు పెట్టి, అలా నడవండని జనాన్ని ప్రోత్సహించింది. ఇంటి నుండి కట్టుకెళ్లే భోజనపు డబ్బాను వారు బెంతో అంటారు. మన పెద్దలు చేను గట్టున, చెట్టు కింద సద్ది విప్పి తిన్నవారే. కనుక మనకిది పరాయి అలవాటేమీ కాదు.

"పరీక్షలు దగ్గరపడుతుంటే తిరుగుళ్లేమిటి, పాస్టరు గారూ? ఆ డబ్బు కానుకగా వేస్తే మేలు కదా?" అని అడిగే పెద్దలున్నారు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం చదవండి. ఏలీయా ప్రాణభయంతో అరణ్యానికి పారిపోయి, బదరీచెట్టు కింద కూర్చుని, ఇక చావే మేలని అడిగాడు. దేవుడు అతనిని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పము, నీళ్లు ఇచ్చాడు. అతడు తిని మళ్లీ పడుకున్నాడు. రెండవసారి కూడా లేపి తినిపించాడు. హోరేబు ప్రయాణం, దేవునితో సంభాషణ, కొత్త పని, అన్నీ ఆ తర్వాతే. ముందు అన్నం, నిద్ర, చెట్టు నీడ.

పరీక్ష తప్పితే ఇంటికి ముఖమెలా చూపించాలని ప్రాణం తీసుకున్న బిడ్డల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. 2019లో ఇంటర్ ఫలితాల తర్వాత తెలంగాణలో ఎన్ని ఇళ్లు చీకటయ్యాయో మరువలేదు. ఫోనులో "బాగున్నా అమ్మా" అన్న మాట వెనుక ఏముందో ఫోనులో తెలియదు. పక్కన కూర్చుని రొట్టె తుంచి పెడుతుంటే, గంటకో రెండు గంటలకో, అడగకుండానే నోరు విప్పుతారు. ఆ గంట సేపు మీరు ఓపిక పట్టాలి. మార్కుల మాట, పక్కింటి పిల్లవాడి మాట ఎత్తకండి. అక్కడ ప్రసంగం కూడా వద్దు. భోజనానికి ముందు చిన్న స్తుతి చాలు.

ఇంకొక మాట, ఇది అన్నలకు. విహారమంటే ఇంటి స్త్రీ తెల్లవారుజామున మూడింటికి లేచి పది మందికి వండటమైతే, ఆమెకు ఆ రోజు విశ్రాంతి ఎక్కడిది? విశ్రాంతి దినపు ఆజ్ఞలో దాసులకు, దాసీలకు, ఎద్దుకు, గాడిదకు సహితం విశ్రాంతి ఉంది. మన ఇంటి తల్లికి లేకపోతే ఎలా? పిండి తడపడం, పల్లీలు వేయించడం, డబ్బాలు కడగడం మగవారూ చేయగలరు. ఇల్లు ఒక్కింటికి ఒక వంటకం పంచుకుంటే ఎవరికీ భారం ఉండదు.

ఆదివారం ఆరాధన మానమని మేము చెప్పడం లేదు. రెండో శనివారం చాలు. రాదలచినవారు ఈ ఆదివారం ఆరాధన తర్వాత పేర్లు ఇవ్వండి. తల్లి లేదా తండ్రి లేని పిల్లలు, కూలి పని వదిలి రాలేని తల్లిదండ్రుల పిల్లలు ఆ హాస్టళ్లలో ఉన్నారు. వారి పేర్లు ముందు ఇవ్వండి. మన డబ్బాల్లో వారికీ ఒక వాటా కట్టుకుందాం.

దేవుడు మన బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.