ఏ జీర, అమ్మా?

మన వంటింట్లో 'జీర' అన్న మాట ఒక్కటే గానీ, ఆ మాట చాటున ఉన్న వస్తువులు నాలుగు. చారు పోపులో వేసే జీలకర్ర ఒకటి. బిర్యానీలో వేసే షాజీర రెండోది. కొన్ని కొట్లలో అదే షాజీర పేరుతో అమ్మే కొండ ప్రాంతాల నల్ల జీర మూడోది. మూలికల కొట్టుకెళ్ళి 'నల్ల జీలకర్ర' అంటే పొట్లం కట్టిచ్చే కలౌంజి నాలుగోది. నాలుగింటి రుచీ వేరు, మొక్కలూ వేరు. కలౌంజి అయితే అసలు ఆ కుటుంబానికి చెందిందే కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లలకి వంట సరుకులు నేర్పేటప్పుడు పేర్లతో కాదు, ముక్కుతో నేర్పాలి. మనం కొనేటప్పుడు మాత్రం పేరు గట్టిగా అడిగి కొనాలి. ఈ రెండు మాటలూ ఎందుకంటున్నానో చెప్పడానికి షాజీరని మించిన ఉదాహరణ లేదు.

ఇంగ్లీషులో కారవే అనేది, మన ఊళ్ళలో సాధారణంగా షాజీరగా దొరికేది, ఒకటే. శాస్త్రీయ నామం కారమ్ కార్వి. పేరులో కారం ఉంది గానీ గింజలో లేదు! పారసీకంలో 'షాహీ' అంటే రాజులకు చెందినది, 'సియాహ్' అంటే నలుపు. ఈ రెండిట్లో ఏది అరిగి అరిగి మన షాజీర అయిందన్నది పండితులకి వదిలేద్దాం. ఇది కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపు, సోయకూర, క్యారెట్ అన్నీ ఉన్న పెద్ద కుటుంబంలోది. మనం గింజ అంటున్నది నిజానికి కాయ. ఎండాక రెండుగా విడిపోతుంది. ఒక్కో సగం నెలవంకలా వంగి, ఒంటి మీద ఐదు లేత రంగు గీతలతో ఉంటుంది. జీలకర్ర ఇంత వంపు తిరగదు, రంగు కూడా కాస్త పసుపు కలిసిన గోధుమ రంగు. పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరైనా చెప్పేస్తారు. విడివిడిగా చూస్తేనే తికమక.

వాసనలో అయితే తికమకే ఉండదు. జీలకర్రకి ఆ ఘాటు ఇచ్చేది క్యుమినాల్డిహైడ్ అనే పదార్థం. షాజీరలో ఉండేది కార్వోన్. సోయకూర గింజల్లో ఉండేదీ అదే. ఇక్కడో చిత్రం ఉంది. చూయింగ్ గమ్‌లోనూ టూత్‌పేస్టులోనూ వాడే స్పియర్‌మింట్ పుదీనా వాసన కూడా కార్వోన్‌దే. అణువులో అవే పరమాణువులు, అవే బంధాలు, కానీ కుడిచేతికి ఎడమచేయి ఎలాగో ఒకదానికొకటి అలా అద్దంలో ప్రతిబింబాలు. ఆ చిన్న తేడాని మన ముక్కు పట్టేస్తుందని 1971లో శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి మరీ ప్రచురించారు. అద్దంలో బొమ్మకీ అసలు బొమ్మకీ తేడా కనిపెట్టగల ముక్కుని దేవుడు అందరికీ ఇచ్చాడు. మనం మాత్రం పిల్లలకి చీటీ మీద పేర్లు రాసిచ్చి విమానం ఎక్కిస్తున్నాం.

మా అక్క కొడుకు జర్మనీలో చదువుకుంటున్నాడు. వెళ్ళిన మొదటి నెలలో ఫోన్ చేసి, "పిన్నీ, చారు పెట్టాను, సోంపు వేసినట్టుంది, ఏం తప్పు చేశాను?" అన్నాడు. తప్పు వాడిది కాదు, పేరుది. జర్మన్‌లో క్యుమ్మెల్ అంటే కారవే. మన జీలకర్ర కావాలంటే క్రొయిట్స్‌క్యుమ్మెల్ అని అడగాలి. స్వీడన్‌లోనూ ఇదే తంటా. అక్కడ కుమ్మిన్ అంటే కారవే, జీలకర్ర అయితే స్పిస్‌కుమ్మిన్. పేరు చూస్తే ఇంగ్లీషు 'క్యుమిన్'కి చుట్టమే అనిపిస్తుంది, డబ్బా తీస్తే షాజీర. పోపులో జీలకర్ర ఎలా ఉంటుందో, షాజీర ఎలా ఉంటుందో వాడికి ఇంట్లో ఒక్కసారి నలిపి వాసన చూపించి ఉంటే, కొట్లో కాకపోయినా ఇంటికెళ్ళి డబ్బా మూత తీయగానే వాడే పట్టేసేవాడు.

ఆ డబ్బా ఏం చేయమంటావు అని అడిగితే, పారేయకు, క్యాబేజీ వేపుడులో వేసుకో అన్నాను. ఇది సర్దుబాటు సలహా కాదు. క్యాబేజీకి, బంగాళాదుంపకి షాజీరతో ఉన్న పొత్తు యూరప్‌లో తరాల నాటిది. పులియబెట్టిన క్యాబేజీలో, రై పిండి రొట్టెల్లో, హంగరీ వాళ్ళ గులాష్‌లో అది ఉంటుంది. నేను క్యాబేజీ వేపుడుకి ఆవాలు, మినప్పప్పు పోపు మామూలుగానే పెట్టి, చివర్లో అర చెంచా షాజీర వేస్తాను. క్యాబేజీ ఉడికేటప్పుడు వచ్చే ఆ పచ్చి వాసన నచ్చని వాళ్ళు కూడా మారు వడ్డించుకుంటారు. ఒక్కటే జాగ్రత్త. షాజీర సన్నం గింజ, త్వరగా మాడుతుంది, మాడితే చేదు. వేడి నూనెలో నాలుగు క్షణాలు చాలు.

అలాగని జీలకర్ర లేకపోతే షాజీర, షాజీర లేకపోతే జీలకర్ర అనే పద్ధతి నేను ఒప్పుకోను. బిర్యానీకి బియ్యం ఉడికించే నీళ్ళలో షాజీర వేస్తాం. ఆ చోట జీలకర్ర వేస్తే జీరా రైస్ అవుతుంది, బిర్యానీ కాదు. మిరియాల చారులో షాజీర వేస్తే ఏమవుతుందో మా వాడు చెప్పనే చెప్పాడు. 'ఏదో ఒక జీరలే' అన్న మాటలో వంటంటే చిన్నచూపు ఉంది. ఆఫీసులో ఒక మందు బదులు ఇంకో మందు పేరు రాస్తే ఊరుకోని వాళ్ళు, వంటింట్లో మాత్రం 'ఏదైతే ఏముంది' అంటారు.

ఇంతవరకూ రుచి సంగతి. రుచి పాడైతే ఒక పూట పోతుంది, అంతే. వైద్యం దగ్గరికొస్తే అంత తేలిక కాదు. ఈ మధ్య ఫోన్లలో ఎక్కడ చూసినా 'బ్లాక్ క్యుమిన్' చిట్కాలే. ఇంగ్లీషులో ఆ పేరు ఎక్కువగా కలౌంజికి వాడతారు, కొండ నల్ల జీరకీ వాడతారు. తెలుగులోకి వచ్చేసరికి 'నల్ల జీలకర్ర' అవుతుంది. చూసినావిడ డబ్బాలో ఉన్న షాజీర తీసి కషాయం కాస్తుంది. చెప్పింది ఒక మొక్క, తాగింది ఇంకో మొక్క. ఇక ఫలితం ఎవరిదని చెప్పాలి? పైగా షుగరుకో బీపీకో మాత్రలు వేసుకుంటున్న వాళ్ళు డాక్టరుని అడక్కుండా ఏ గింజ కషాయమైనా రోజూ తాగడం మంచిది కాదు.

పసిపిల్లల విషయంలో నేను ఇంకా గట్టిగా చెప్తాను. కడుపునొప్పని వాము నీళ్ళు, సోంపు నీళ్ళు పట్టే అలవాటు మన ఇళ్ళలో ఉంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. పెద్దవాళ్ళ మీద గౌరవం ఉంచుకుంటూనే ఈ ఒక్క విషయంలో 'వద్దత్తయ్యా' అనగలగాలి. ఆ గింజలు తల్లి భోజనంలో ఉండొచ్చు. మనం బాలింతకి వాము, సొంఠి, కాయం పెట్టినట్టే, లెబనాన్‌లో బిడ్డ పుడితే మెగ్లీ అని బియ్యప్పిండితో ఒక తీపి వంటకం చేస్తారు. అందులో ముఖ్యమైన దినుసు కారవే పొడే. దాన్ని దాల్చినచెక్కతో కలిపి ఉడికించి, పైన బాదం, వాల్‌నట్ పరుస్తారు. అది తల్లికీ, చూడ్డానికి వచ్చిన బంధువులకీ. పసిబిడ్డకి కాదు. ఎక్కడి లెబనాన్, ఎక్కడి మన పురిటి గది! అయినా ఆలోచన ఒక్కటే.

ఇక మొక్క సంగతి. మిద్దె తోటల పిచ్చి ఉన్న మనవాళ్ళు 'షాజీర కుండీలో వస్తుందా' అని అడుగుతుంటారు. మామూలు రకం షాజీర రెండేళ్ళ మొక్క. మొదటి ఏడు క్యారెట్ ఆకులాంటి ఆకులు, కింద సన్నటి దుంప వేరు. చలికాలం బాగా చలి తగిలాక, రెండో ఏడు గొడుగుల్లాంటి తెల్లపూల గుత్తులు వచ్చి గింజ కడుతుంది. మన విజయవాడ, వరంగల్ ఎండల్లో మహా అయితే శీతాకాలంలో నాలుగు ఆకులు కోసుకోవచ్చు. గింజల మీద ఆశ పెట్టుకోకండి. ఇక్కడ కుండీలో విత్తుకోవాలంటే వాము మేలు. కర్నూలు వైపు పొలాల్లోనే పండుతుంది. అన్నట్టు మనం బజ్జీలు వేసుకునే మందపాటి వామాకు, వాము మొక్క ఆకు కాదు. అది తులసి, పుదీనాల కుటుంబంలోది. వాసన కలిసింది కాబట్టి పేరు కలిపేశాం.

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో పెరడు ఉన్న మన పిల్లలకి మాత్రం షాజీర చక్కగా వస్తుంది. విత్తనం మొలవడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు, కంగారు పడొద్దు. వేరు నిటారుగా దిగుతుంది కాబట్టి పీకి వేరే చోట నాటడం కన్నా, వేసిన చోటే ఉంచడం మంచిది. గింజలు గోధుమ రంగుకి తిరగ్గానే పొద్దున్నే, మంచు ఆరకముందే గుత్తులు కోసి, కాగితం సంచిలో తలకిందులుగా వేలాడదీయాలి. ఎండెక్కాక కోస్తే సగం నేలపాలే. ఒక్క హెచ్చరిక. దారి పక్కన అలాంటి తెల్లపూల మొక్క కనిపించిందని గింజలు ఏరుకోవద్దు. సోక్రటీస్‌కి ఇచ్చిన విషంగా చెప్పే హెమ్లాక్ కూడా ఈ కుటుంబంలోదే, పూలు ఇలాగే ఉంటాయి.

'మా అమ్మమ్మకి ఈ లాటిన్ పేర్లన్నీ తెలుసా, బ్రహ్మాండంగా వండలేదా' అని మీరు అడగొచ్చు. తెలియవు, నిజమే. కానీ ఆవిడ విడి సరుకు కొనేది. బస్తాలో చెయ్యి పెట్టి, నాలుగు గింజలు అరచేతిలో నలిపి, వాసన చూసి, నచ్చితేనే తూయించేది. మనం అతికించిన ప్యాకెట్ కొంటున్నాం. ముక్కుకి పని లేకుండా పోయింది, కాబట్టి ఆ పని ప్యాకెట్ మీద అక్షరాలు చేయాలి. కిన్నౌర్, కశ్మీర్ కొండల్లో పండే అసలు నల్ల జీర విత్తనం వేశాక గింజ ఇవ్వడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. అందుకే అంత ఖరీదు. ఆ ధర పెట్టి కొనేవాళ్ళకి లోపలున్నది ఏ మొక్కో తెలియాలి కదా? దినుసు పేరు కింద శాస్త్రీయ నామం ఒక్క వరుస అచ్చేస్తే సరిపోతుంది. కంపెనీలు వాటంతట అవి వేయవు. అడిగేవాళ్ళు ఉంటే వేస్తాయి.

అందాకా మన చేతిలో పని మన చేతిలో ఉంది. ఈ ఆదివారం నాలుగు చిన్న గిన్నెల్లో జీలకర్ర, షాజీర, వాము, సోంపు పోసి పిల్లల్ని కూర్చోబెట్టండి. అమ్మాయిని ఒక్కదాన్నే కాదు, అబ్బాయిని కూడా. కళ్ళు మూసి, నలిపి, వాసన చూసి చెప్పమనండి. మొదట్లో తప్పులే చెప్తారు, నవ్వుకుంటారు. నాలుగోసారికి ఒక్కటీ తప్పదు. పది నిమిషాల పని. ఆ తర్వాత వాళ్ళు ఏ దేశం వెళ్ళినా, ఆ డబ్బా మీద ఏ భాష ఉన్నా, మూత తీసి చూసుకుంటే చాలు.